ఈకోర్ట్స్‌లో కేసు దొరకడం లేదా? సమస్యను బట్టి కారణం, పరిష్కారం

కోర్టు వెబ్‌సైటులో కనిపించేది కేసు ఫైలు కాదు. కోర్టు సిబ్బంది సీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏం ఎక్కిస్తే అదే ఈకోర్ట్స్ సర్వీసెస్ సైటులోకి, ఫోన్ యాప్‌లోకి వస్తుంది. ఎక్కించనిది రాదు, తప్పు ఎక్కిస్తే తప్పే వస్తుంది. అందుకే సైటు ‘రికార్డు లేదు’ అన్నంత మాత్రాన కేసు లేదని అనుకోకూడదు. ముందు ఎక్కడ తెగిందో చూడాలి: నంబరులోనా, కోర్టు ఎంపికలోనా, రిజిస్ట్రేషన్‌లోనా, అప్‌లోడ్‌లోనా, లేక చట్టమే అడ్డుపడిందా? ఇక్కడ రాసింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టులను దృష్టిలో పెట్టుకుని.

సీఎన్ఆర్ కొడితే అలాంటి కేసే లేదంటోంది

సీఎన్ఆర్ అంటే ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. అందులో మొత్తం 16 స్థానాలుంటాయి. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానివి, తర్వాతి రెండు జిల్లావి. ఆ పక్క రెండు స్థానాలు కోర్టు ఎస్టాబ్లిష్‌మెంటు (ఆవరణలోని ఫలానా కోర్టు) కోడు. తర్వాత ఆరంకెల వరస సంఖ్య, చివర నాలుగంకెల సంవత్సరం. గీతలు, ఖాళీలు, స్లాష్‌లు ఏవీ ఉండకూడదు.

ఎక్కువగా జరిగే పొరపాటు సున్నా బదులు ఇంగ్లీషు ‘ఓ’ కొట్టడం. చివరి పది స్థానాల్లో అంకెలే ఉంటాయి కాబట్టి అక్కడ గుండ్రంగా ఏది కనిపించినా సున్నాయే. వరస సంఖ్య ముందుండే సున్నాలను వదిలేయడం రెండోది. మూడోది కాస్త తెలివిగా చేసే తప్పు: ఓఎస్ (సివిల్ దావా) 145/2021 అని తెలుసు కదా అని ఆరంకెల చోట 000145 పెట్టి సీఎన్ఆర్‌ను తామే తయారు చేసుకోవడం. ఆ ఆరంకెలకూ కేసు నంబరుకూ సంబంధం లేదు. సంవత్సరం కూడా దాఖలు చేసినదే తప్ప నంబరు పడినది కాదు. డిసెంబరులో వేసి జనవరిలో నంబరు పడిన దావాలో ఈ రెండూ వేరుగా ఉంటాయి.

తెలంగాణ హైకోర్టు కేసుల సీఎన్ఆర్ హెచ్‌బీహెచ్‌సీ అనే అక్షరాలతో మొదలవుతుంది. చూసి తప్పనుకుని మార్చకండి.

నెట్ సరిగా లేనిచోట ఎస్సెమ్మెస్ పనికొస్తుంది. ఇంగ్లీషులో ఈకోర్ట్స్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, సీఎన్ఆర్ రాసి 9766899899కు పంపితే కేసు స్థితి తిరుగు సందేశంలో వస్తుంది.

కేసు నంబరు ఇస్తే ఇంకెవరిదో కేసు వస్తోంది, లేదా ఏమీ రావడం లేదు

ఓఎస్ 145/2021 అనే నంబరు రాష్ట్రంలో చాలా కోర్టుల్లో ఉంటుంది. ఒకే ఆవరణలో ఉన్న జిల్లా కోర్టు, సీనియర్ సివిల్ జడ్జి కోర్టు, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులకు నంబర్ల వరసలు వేరు. కాబట్టి కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుంటే సరిపోదు, కింద ఎస్టాబ్లిష్‌మెంటు అడిగితే అదీ సరిగ్గా ఎంచుకోవాలి. సమన్లు గానీ నోటీసు గానీ చేతిలో ఉంటే పైన ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్’ తర్వాత ఉన్న పేరును అక్షరం పొల్లు పోకుండా చూసుకోండి.

కేసు రకం దగ్గర కూడా తికమక ఉంది. మెజిస్ట్రేటు కోర్టులో సీసీ అంటే క్యాలెండర్ కేసు (మెజిస్ట్రేటే విచారించే క్రిమినల్ కేసు), హైకోర్టులో సీసీ అంటే కోర్టు ధిక్కార కేసు. సెషన్స్ కోర్టు విచారించాల్సిన నేరమైతే మెజిస్ట్రేటు దగ్గర పీఆర్‌సీగా ఉండి, సెషన్స్ కోర్టుకు పంపాక (దీన్నే కమిట్ చేయడం అంటారు) ఎస్‌సీ, అంటే సెషన్స్ కేసుగా కొత్త నంబరు పడుతుంది. పాత పీఆర్‌సీ నంబరుతో వెతికితే ‘డిస్పోజ్డ్’ అని వస్తుంది. అది చూసి కేసు కొట్టేశారని సంబరపడేవాళ్లున్నారు. తీర్పు అమలు కోసం వేసే దరఖాస్తు ఈపీగా వేరే నంబరుతో నడుస్తుంది, ఓఎస్ కింద వెతికితే పాత తీర్పు దగ్గరే ఆగిపోతారు.

ఇక జిల్లాల సంగతి. ఏపీలో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 26 అయ్యాయి, కానీ కోర్టులు ఉమ్మడి జిల్లాల లెక్కనే కొనసాగాయి. నరసరావుపేట పల్నాడు జిల్లా కేంద్రమే అయినా అక్కడి కోర్టును గుంటూరు కింద చూడాలి. తెలంగాణలో దీనికి తిరగేసి జరిగింది. 2022 జూన్ 2 నుంచి 33 న్యాయ జిల్లాలు వచ్చాయి. అంతకుముందు ఉమ్మడి వరంగల్‌లో వేసిన దావా జనగామకు బదిలీ అయి, కొత్త నంబరుతో ఉండొచ్చు. ఇలాంటప్పుడు పాత నంబరు పట్టుకుని వేలాడటం దండగ, పార్టీ పేరుతో కొత్త జిల్లాలో వెతకండి. హైకోర్టు విషయంలో 2019 జనవరి 1 హద్దు. ఉమ్మడి హైకోర్టులో పెండింగ్‌లో ఉన్న ఏపీ కేసులు ఆ రోజు నుంచి అమరావతి హైకోర్టువి.

పేరుతో వెతికితే దొరకడం లేదు

పేర్లు ఇంగ్లీషులో ఎక్కుతాయి, స్పెల్లింగు ప్లీడరు గుమాస్తా దావాలో ఎలా టైపు చేస్తే అలా. లక్ష్మికి మధ్యలో ‘కేఎస్‌హెచ్’ పెట్టేవాళ్లున్నారు, ‘ఎక్స్’ పెట్టేవాళ్లున్నారు. వెంకటేశ్వర్లులో ‘ఎస్’ పక్కన ‘హెచ్’ ఉండొచ్చు, లేకపోవచ్చు. శ్రీనివాస్‌లో ‘ఐ’ ఒకటా, ‘ఈ’ రెండా తెలియదు. ఇంటిపేరు ముందుంటుందో, పొడి అక్షరమై చివరికి పోతుందో అంతకన్నా తెలియదు.

అందుకని పూర్తి పేరు కొట్టకండి. కనీసం మూడక్షరాలు చాలు. పేరులో ఎవరు రాసినా మారని ముక్కను పట్టుకోండి. వెంకటేశ్వర్లుకు ‘వెంకట్’ వరకు, శ్రీనివాస్‌కు ‘నివాస్’. జాబితా పెద్దదైతే ఎదుటి పక్షం పేరుతో వెతకండి, అరుదైన ఇంటిపేరు ఎవరికుంటే వాళ్లతో పని తేలిక.

అయినా రాకపోతే రెండు చూడండి. పెండింగ్, డిస్పోజ్డ్, బోత్ అనే మూడింటిలో ‘బోత్’ నొక్కారా? సంవత్సరం గడిలో నంబరు పడిన ఏడాది ఇచ్చారా? అటూ ఇటూ ఒక్కో ఏడాది మార్చి చూడండి. ఫలితాల్లో మొదటి వాది, మొదటి ప్రతివాది పేర్లే పైకి కనిపిస్తాయి. మీరు వెతికే మనిషి నాలుగో ప్రతివాది అయితే ‘వ్యూ’ నొక్కి లోపల చూడాలి.

క్యాప్చా సరిగ్గానే కొట్టినా తప్పంటోంది

సెషన్ గడువు తీరింది, లేదా అదే సైటు రెండు ట్యాబుల్లో తెరిచి ఉంది. ఒక్క ట్యాబు ఉంచి, పేజీ మళ్లీ తెరిచి, కొత్త క్యాప్చా తెప్పించుకోండి. బ్రౌజరు వెనక్కి బాణం వాడొద్దు. ఆర్డరు పీడీఎఫ్ లింకు కూడా ఆ సెషన్ వరకే. లింకు కాపీ చేసి ప్లీడరుకు పంపితే ఆయన దగ్గర తెరుచుకోదు, ఫైలు దించుకుని పంపండి.

దావా వేశామన్నారు, సైటులో జాడ లేదు

వేయడం వేరు, నంబరు పడటం వేరు. కాగితాలు దాఖలు కాగానే ఫైలింగ్ నంబరు వస్తుంది. హైకోర్టులో దాన్నే ఎస్ఆర్ నంబరు అంటారు. కోర్టు ఫీజు తక్కువనో, పత్రం జతకాలేదనో అభ్యంతరం పెట్టి తిప్పి పంపితే, సరిచేసి మళ్లీ పెట్టేదాకా రిజిస్టరు కాదు. కేసు నంబరుతో వెతక్కుండా ‘ఫైలింగ్ నంబర్’ ఎంపికతో చూడండి. అక్కడా లేకపోతే ఫైలింగ్ నంబరు ఎంత, ఏ తేదీన వాపసు వచ్చింది, ఏ అభ్యంతరం రాశారు అని ప్లీడరును అడగండి. ఈ మూడింటికీ జవాబు లేకపోతే కాగితాలు ఇంకా ప్లీడరు ఆఫీసులోనే ఉన్నాయన్నమాట.

ఎదుటివాళ్లు మీ మీద దావా వేస్తారేమోనని కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే ముందస్తు దరఖాస్తు) వేసి ఉంటే దానికి వేరే వెతుకులాట ఉంది. కేవియట్ 90 రోజులే పనిచేస్తుంది, తర్వాత కొత్తది వేసుకోవాలి.

ఎఫ్ఐఆర్ నంబరుతో ఏమీ రావడం లేదు

ఈకోర్ట్స్‌లో ఎఫ్ఐఆర్ వెతుకులాట పోలీసు రికార్డును చూపదు, ఆ క్రైమ్ నంబరు ఎక్కించి ఉన్న కోర్టు కేసును చూపుతుంది. ఛార్జిషీటు పడకపోతే ఏమీ రాకపోవచ్చు. జీరో ఎఫ్ఐఆర్ (తన పరిధిలోది కాకపోయినా ఒక స్టేషను నమోదు చేసేది) అయితే బదిలీ అయిన స్టేషనులో కొత్త క్రైమ్ నంబరు ఉంటుంది, దానితో వెతకాలి.

ఎఫ్ఐఆర్ కాగితమే కావాలంటే రాష్ట్ర పోలీసు వెబ్‌సైటు చూడండి. నమోదైన 24 గంటల్లో పెట్టాలని 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెట్ సౌకర్యం లేనిచోట 72 గంటల దాకా వెసులుబాటు ఉంది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు మినహాయింపు. అలా పెట్టకూడదని నిర్ణయించేది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి.

వాయిదా తేదీ పాతదే చూపిస్తోంది

బెంచి క్లర్కు ఆ రోజు పని ఇంకా ఎక్కించలేదు. సాయంత్రం దాటాక చూడండి. మర్నాటికీ మారకపోతే ఆ కోర్టు కాజ్‌లిస్టు (ఆ రోజు పిలిచే కేసుల జాబితా) తెరిచి పోల్చండి. జడ్జి సెలవులో ఉన్నా, బదిలీ అయినా తేదీలు గుత్తగా మారతాయి. ఏం జరిగిందో కూడా కావాలంటే కేస్ హిస్టరీలో ‘బిజినెస్’ కింద నీలంగా ఉన్న తేదీని నొక్కితే ఆ రోజు నడిచింది ఒకట్రెండు వాక్యాల్లో ఉంటుంది. సైటులో తేదీ తప్పుగా ఉందన్నది గైరుహాజరుకు సాకుగా నిలబడుతుందని అనుకోవద్దు. క్రిమినల్ కేసులో ముద్దాయిగా ఉన్నవాళ్లు సైటును నమ్మి ఇంట్లో కూర్చుంటే వారంటు రావొచ్చు.

‘డిస్పోజ్డ్’ అని ఉంది, తీర్పు పీడీఎఫ్ లేదు

నిజంగా నష్టం జరిగే చోటు ఇదే. తీర్పు సంతకమై అప్‌లోడ్ కావడానికి సమయం పట్టొచ్చు. చిన్న ముగింపు ఉత్తర్వులు డాకెట్ (ఫైలులో వాయిదాల నమోదు కాగితం) మీదే ఉండిపోవచ్చు. సీఐఎస్ రాకముందు తేలిన పాత కేసులో పీడీఎఫ్ ఉండకపోవడమే మామూలు. కారణం ఏదైనా, ఎదురుచూస్తూ కూర్చోకండి.

సివిల్ దావాలో డిక్రీ (తీర్పు ఫలితాన్ని లాంఛనంగా రాసిన ఉత్తర్వు) మీద హైకోర్టుకు అప్పీలు గడువు 90 రోజులు, ఇతర కోర్టుకు 30 రోజులు. సర్టిఫైడ్ కాపీకి పట్టిన సమయాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షను కింద మినహాయిస్తారు, కానీ కాపీకి దరఖాస్తు పెట్టిన రోజు నుంచే. పెట్టకముందు పోయిన రోజులు మీ ఖాతాలోనే. డిక్రీ తయారీకి కోర్టు తీసుకున్న సమయమైనా దరఖాస్తుకు ముందుదైతే కలిసిరాదు. అంటే తీర్పు చెప్పిన రోజో మర్నాడో కాపీ దరఖాస్తు పడాలి. తీర్పుకూ డిక్రీకీ రెండిటికీ అడగండి.

దరఖాస్తు పడ్డాక కాపీయింగ్ సెక్షన్ వాళ్లు స్టాంపులు పిలుస్తారు, అంటే కాపీకి కావాల్సిన స్టాంపులు దాఖలు చేయమంటారు, ఎన్ని కావాలో నోటీసు బోర్డులో పెడతారు. అది చూసుకోక ఆలస్యం చేస్తే ఆ రోజులు మినహాయింపులోకి రావు. కాపీ వెనుక ముద్రలో దరఖాస్తు తేదీ, స్టాంపులు పిలిచిన తేదీ, దాఖలు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ వరసగా రాసి ఉంటాయి. అప్పీలు కోర్టు లెక్కగట్టేది వాటి నుంచే. సైటు నుంచి దించుకున్న పీడీఎఫ్ చదువుకోవడానికి, ప్లీడరుతో మాట్లాడటానికి బాగుంటుంది. బ్యాంకు, రిజిస్ట్రారు ఆఫీసు, అప్పీలు కోర్టు అడిగేది సర్టిఫైడ్ కాపీ. సుప్రీంకోర్టు, హైకోర్టు తీర్పుల తెలుగు అనువాదాలూ అంతే, అర్థం చేసుకోవడానికే.

ఆ కేసులో నేను పార్టీని కాను, కాగితాలు కావాలి

సైటులో దొరికేవి స్థితి, ఆర్డర్లు మాత్రమే. దావా, జవాబు, సాక్ష్యాలు, దస్తావేజులు ఉండవు. మూడో వ్యక్తి ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్‌తో ఆ కోర్టులోనే కాపీకి దరఖాస్తు పెట్టాలి. ఆ కేసులోని ఆస్తిని కొనబోతున్నాననేది చెప్పదగ్గ కారణమే. ఆర్టీఐ వేస్తే పని కాదు. కోర్టు రికార్డు నకళ్లను హైకోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు చెప్పింది.

పేర్లు లేవు, ఆర్డరూ లేదు. లేదా ఉండకూడని నా పేరు ఉంది

పోక్సో, అత్యాచారం, బాలల కేసులు, విడాకుల కేసుల్లో వివరాలు దాచి ఉంచితే అది సైటు లోపం కాదు. పార్టీలైతే కోర్టులో కాపీ తీసుకోవచ్చు. బాధితురాలి గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. హిందూ వివాహ చట్టం 22వ సెక్షను కింద విచారణ వివరాలు ప్రచురిస్తే 1000 రూపాయల దాకా జరిమానా. స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు ఇది గుర్తుండాలి.

తిరగేసిన సమస్యకు మందు అంత తేలిక కాదు. దాచాల్సిన పేరు కనిపిస్తుంటే ఆ తీర్పు ఇచ్చిన కోర్టులోనే పేరు తొలగించమని దరఖాస్తు పెట్టాలి. ఉత్తర్వు వచ్చాక దాని కాపీతో ప్రైవేటు తీర్పుల సైట్లనూ సెర్చ్ ఇంజిన్లనూ అడగాలి. నిర్దోషిగా విడుదలైనవాళ్ల పేర్లు తీసేయాలా అన్నది మాత్రం వివాదంలో ఉంది. 2024 ఫిబ్రవరిలో అలా తొలగించమన్న మద్రాసు హైకోర్టు ఉత్తర్వును ఆ జూలైలో సుప్రీంకోర్టు నిలిపివేసింది.

ఎలా వెతికినా లేదు

అసలు ఆ వివాదం ఈకోర్ట్స్ పరిధిలో లేకపోవచ్చు. వినియోగదారుల కమిషన్ కేసులు ఈ-జాగృతిలో, బ్యాంకు బకాయిల డీఆర్‌టీ కేసులు, కంపెనీల ఎన్‌సీఎల్‌టీ కేసులు వాటి సొంత సైట్లలో ఉంటాయి. తహసీల్దారు, ఆర్డీఓ దగ్గరి భూమి తగాదాలు రెవెన్యూ శాఖవి. వెతికే సైటు చిరునామా గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుందో లేదో కూడా చూడండి. సుప్రీంకోర్టు పేరుతోనే నకిలీ సైట్లు పుట్టాయని ఆ కోర్టు రిజిస్ట్రీ హెచ్చరించింది. కేసు స్థితి చూడటానికి రుసుము లేదు, బ్యాంకు వివరాలు అడిగే పేజీ కనిపిస్తే వెంటనే మూసేయండి.