గ్యాస్ లీకైతే పైకి పోతుందా, కిందికి దిగుతుందా? తేల్చుకోవడం ఎలా?

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను పేలిన నాటి నుంచి కోనసీమలో గ్యాస్ వాసనంటేనే గుండె ఝల్లుమంటుంది. అయితే నేలలోంచి తీసే సహజవాయువు, వంటింటి సిలిండర్‌లోది ఒకటి కావు. ఒకటి గాలికన్నా తేలిక, రెండోది బరువు. అది తెలియక కిటికీ ఒక్కటే తెరిచి ఊరుకునే వాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

ముందు 29 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. అది గాలి సగటు అణుభారం. ఏ వాయువు అణుభారాన్నైనా దానితో భాగించండి. ఒకటికన్నా తక్కువ వస్తే పైకి లేస్తుంది, ఎక్కువ వస్తే కిందికి దిగుతుంది. సహజవాయువులో ప్రధానమైన మీథేన్ 16, అంటే 0.55. వరిచేలో బురద తొక్కినప్పుడు బుడబుడమని లేచే బుడగల్లోనూ ఇది ఉంటుంది. సిలిండర్‌లోని ప్రొపేన్ 44, బ్యూటేన్ 58. గాలికి ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు.

ఇక కళ్లతో చూడండి. పెద్ద గాజు గ్లాసులో రెండు చెంచాల వంటసోడా వేసి నాలుగు నిమ్మకాయలు పిండండి. నురగ అణగనివ్వండి. పొట్టి కొవ్వొత్తి వెలిగించి, రసం ఒలకకుండా గ్లాసును దానిపైకి మెల్లగా వంచండి. ఏమీ పోసినట్టు కనిపించదు, మంట మాత్రం ఆరిపోతుంది. మీరు పోసింది కార్బన్ డయాక్సైడ్, దాని అణుభారం 44. ఇదే పాతబావి అడుగున చేరితే పూడిక తీయడానికి దిగిన మనిషి ప్రాణం తీస్తుంది. దీపం దించి చూసే పాత పద్ధతిని నమ్మకండి, అడుగున మండే వాయువు ఉంటే అదే నిప్పంటిస్తుంది.

సిలిండర్ వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకండి, ఆపకండి. రెగ్యులేటర్ కట్టేసి వీధి తలుపు, పెరటి తలుపు బార్లా తెరవండి. బయటికి వచ్చాక 1906కు ఫోను చేయండి. గ్యాస్ నేలను అంటిపెట్టుకుని పాకుతుంది, గడప ఎత్తుగా ఉంటే అదీ అడ్డమే. అందుకే సిలిండర్‌ను పల్లపు గదిలో పెట్టకూడదు.

లెక్క తప్పేది ఒకచోట. ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్లాంట్లలో వాడే అమ్మోనియా అణుభారం 17, కాబట్టి పైకి పోవాలి. కానీ పైపులోంచి ద్రవంగా చిమ్మితే బాగా చల్లబడి, తేమతో కలిసి తెల్లటి మబ్బులా నేలబారున సాగుతుంది. అప్పుడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, గాలి వీచే దిశకు అడ్డంగా నడవండి.