ఆల్కహాల్ మార్కర్లతో బొమ్మలో ముఖానికి రంగు వేయడం ఎలా?

సామాన్లు త్వరగా చెప్పేస్తాను. నున్నటి మార్కర్ పేపర్ లేదా బ్రిస్టల్ షీట్ (మందపాటి డ్రాయింగ్ కాగితం), కింద పెట్టుకోవడానికి ఒక అట్ట, బ్రష్ నిబ్ (కుంచెలా వంగే మెత్తటి మొన) ఉన్న మూడు గోధుమ మార్కర్లు. కోపిక్ కంపెనీవి కొనగలిగితే ఇ33, ఇ35, ఇ37 నంబర్లు మన చామనఛాయకి చక్కగా సరిపోతాయి. చివరి అంకె పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. చవక సెట్లయినా ఫర్వాలేదు గానీ మూత రంగుని నమ్మకండి, ముందు అదే కాగితం మీద గీసి చూసుకోండి. ‘స్కిన్ టోన్’ అని అమ్మే చాలా సెట్లలో గులాబీ షేడ్లే ఎక్కువ. వాటితో మనవాళ్ల ముఖాలు వేయొద్దు.

పెన్సిల్‌తో గీసి, ఆల్కహాల్‌కి కరగని పిగ్మెంట్ ఇంకు లైనర్‌తో దిద్ది, బాగా ఆరాక పెన్సిల్ చెరిపేయండి. జెల్ పెన్‌తో దిద్దితే మార్కర్ తగలగానే నల్లగా అలుక్కుపోతుంది.

ఇక అసలు పని, అందరూ పాడుచేసేది ఇక్కడే. ముందు ఫ్యాన్ ఆపండి. ఎండాకాలమైనా సరే ఆపాల్సిందే, ఎందుకంటే ఈ ఇంకు క్షణాల్లో ఆరిపోతుంది, షేడ్లు కలిసేది తడి మీదే. ముఖమంతా ఒకేసారి మొదలుపెట్టకుండా ఒక చెంప తీసుకోండి. లేత రంగుని చిన్న చిన్న సున్నాలు చుడుతూ ఖాళీ లేకుండా నింపండి. తడి ఉండగానే చెంప ఎముక కింద మధ్య షేడ్, దవడ అంచున సన్నగా ముదురుది. చాలామంది ఇక్కడ ఆపేసి చారలు పడ్డాయని బాధపడతారు. ఆపకూడదు, వెనక్కి రావాలి: ముదురు అంచు మీద మధ్య షేడ్, మధ్య షేడ్ అంచు మీద లేతది, సగం ఇటు సగం అటు పడేలా మళ్లీ నడపండి. కొత్త ఇంకులోని ఆల్కహాల్ కింది రంగుని కరిగిస్తుంది, గీత మాయమవుతుంది.

చేయి తేలిగ్గా ఉండాలి, నొక్కితే నిబ్ చీలిపోతుంది. లేత నిబ్‌కి ముదురు రంగు అంటుకుంటే చిత్తు కాగితం మీద శుభ్రంగా వచ్చేదాకా గీసేయండి. అవుట్‌లైన్‌కి వెంట్రుకవాసి ముందే ఆగండి, మిగతా దూరం ఇంకు తనే పాకుతుంది. మూడు పూతలు దాటొద్దు. కాగితం ఇక పీల్చుకోలేనప్పుడు రంగు గీత దాటి బయటికొచ్చేస్తుంది.

రంగులేని బ్లెండర్ మార్కర్‌తో షేడ్లు కలపమని చెప్పేవాళ్లున్నారు. అందులో ఉండేది ఉత్త ద్రావకం, రంగుని పక్కకి నెట్టి మధ్యలో వెలిసిన మచ్చ వదులుతుంది. గీత దాటిన రంగుని లోపలికి తోయడానికి మాత్రం అది కావాలి. నీడకి నలుపు, బూడిద రంగులూ వద్దు, చామనఛాయ ముఖం బూడిద పూసినట్టు పాలిపోతుంది. మరీ లోతైన నీడ కావాలంటే ముందు కొంచెం ఊదా వేసి పైన గోధుమ వేయండి.

ఈ ఇంకు పారదర్శకం కాబట్టి గోధుమ మీద ఎరుపు మట్టిరంగులా మాసిపోతుంది. బొట్టు స్థలం మొదటినుంచీ ఖాళీగా వదలండి, చుట్టూ ఆరాక ఎరుపు నింపండి. ముక్కుపుడక మెరుపుకి చివర్లో తెల్ల జెల్ పెన్‌తో ఒక్క చుక్క చాలు.

మార్కర్లని పడుకోబెట్టి దాచండి, నిలబెడితే పై నిబ్ ఎండిపోతుంది. బొమ్మని వెంటనే స్కాన్ చేసుకోండి, ఈ రంగులు వెలుతురుకి వెలుస్తాయి. గోడకి తగిలించాలంటే ఎండ పడని గోడ చూసుకోండి.