లైనక్స్ నెట్‌వర్క్ కోడ్‌లో మెమరీ తప్పులు వెతికే ముందు

కొత్త ఆర్‌సీ కెర్నల్ (విడుదలకు ముందు పరీక్షకిచ్చే లైనక్స్ కెర్నల్ వెర్షన్) వచ్చిందని డ్రైవర్ టెస్టింగ్‌కు దిగేముందు ఇవి చూసుకోండి.

రోజూ వాడే లాప్‌టాప్‌లో వద్దు, వర్చువల్ మెషిన్‌లోనే నడపండి. పాడైంది పేజ్ క్యాష్ (ఫైళ్ల డేటాను మెమరీలో ఉంచే చోటు) అయితే ఆ చెత్తంతా డిస్క్‌కెక్కి ఫైళ్లు పోతాయి.

కాసాన్ (KASAN, మెమరీ తప్పును జరిగిన చోటే పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేసి కెర్నల్ బిల్డ్ చేయండి. అది లేకపోతే తప్పు ఒకచోట, క్రాష్ ఇంకోచోట. రిపోర్టులో ముందుగా 'ఫ్రీడ్ బై' స్టాక్ (ఆ మెమరీని వదిలేసిన ఫంక్షన్ల వరుస) చదవండి. ఎస్‌కేబీని (కెర్నల్‌లో ప్యాకెట్‌ను మోసే స్ట్రక్చర్) తొందరపడి వదిలేసిన దొంగ చాలాసార్లు అక్కడే దొరుకుతాడు.

పీఎస్‌కేబీ_మే_పుల్ (pskb_may_pull, హెడర్ చదవడానికి కావలసినంత డేటా ఒకేచోట ఉండేలా చూసే ఫంక్షన్) తర్వాత పాత హెడర్ పాయింటర్ వాడారేమో చూడండి. అది డేటాను కొత్త బఫర్‌లోకి మార్చేయొచ్చు. ముక్కలైన ప్యాకెట్లు పంపితేనే ఇది ఎక్కువగా బయటపడుతుంది, మామూలు పింగ్‌తో సాధారణంగా కాదు.

డీబగ్ సమాచారమున్న వీఎంలైనక్స్ (vmlinux, బిల్డ్‌లో వచ్చే కెర్నల్) ఫైలు దాచుకోండి. కోడ్ మార్చి మళ్లీ బిల్డ్ చేస్తే పాత క్రాష్ రిపోర్టుతో లైన్ నంబర్లు కలవవు.