మెడికల్ ప్రాజెక్టు రిపోర్టు: రిఫరెన్సుల దగ్గర దెబ్బతినే చోట్లు

రిపోర్టు కోఠిలో బైండింగ్ కూడా అయిపోయాక, రిఫరెన్సులు సరిచేసి తెమ్మని గైడ్ వెనక్కి పంపితే టెన్షన్ మామూలుగా ఉండదు. తప్పులు ఎక్కువగా దొరికేది ఈ చోట్లే.

సమస్య: అందరూ రాసే వాక్యమే, అయినా గైడ్ ఎర్ర పెన్నుతో చుట్టారు. ఉదాహరణకు, "మలేరియా క్రిమిని 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ కనిపెట్టాడు."

కారణం: ఒకరి రిపోర్టులోంచి ఇంకొకరు ఎత్తిరాయడం. ఆ క్రిమిని ఫ్రెంచ్ వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో రోగి రక్తంలో చూశాడు. రాస్ ఇక్కడ చూసింది రోగి రక్తం తాగిన దోమ పొట్ట గోడలో. అసలు ఘనత అదే, మనవాళ్లు దాన్నే వదిలేస్తారు!

పరిష్కారం: మూలం తెరవండి. రాస్ వ్యాసం 1897 డిసెంబరు 18 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఉంది, పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ వ్యాసాల భాండారంలో ఉచితంగా చదవచ్చు. రెండు దోమల్లో చూసిన కణాల గురించి అని పేరులోనే చెప్పాడు. అది చదవకుండా పాఠ్యపుస్తకం చూసి రాస్తే, ఆ పుస్తకాన్నే రిఫరెన్సుగా ఇవ్వండి.

సమస్య: రిఫరెన్సు ఎంత వెతికినా దొరకదు.

కారణం: చాట్‌బాట్ అల్లింది. రచయిత నిజం, జర్నల్ నిజం, పేపరే లేదు.

పరిష్కారం: పేపరు పేరును పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్లు వెతికే సైటు), డీఓఐ నంబరును (ప్రతి పేపరుకూ ఇచ్చే గుర్తింపు నంబరు) డీఓఐ సైట్లో వెతకండి. నంబరు తెరుచుకుంటే సరిపోదు, వేరే పేపరు రావచ్చు. దొరక్కపోతే రిఫరెన్సుతో పాటు, వేరే ఆధారం లేని వాక్యాన్నీ కొట్టేయండి.

సమస్య: పేపరు ఉంది, మీరు రాసినంత మాట అందులో లేదు. డెంగీకి బొప్పాయి ఆకు రసం పనిచేస్తుందన్న మాట ఇలాగే రిపోర్టుల్లో ప్రతి ఏడాదీ వస్తుంది.

కారణం: అబ్‌స్ట్రాక్ట్ (పేపరు మొదట ఉండే సారాంశం) చివరి వాక్యం చదివి ఆపేయడం. ప్లేట్‌లెట్లు పెరగడం వేరు, జబ్బు తగ్గడం వేరు.

పరిష్కారం: ఎంతమంది మీద చేశారు, ఎవరితో పోల్చారు, ఏం కొలిచారు అని చూసి అంతవరకే రాయండి. అదే విషయంపై సిస్టమాటిక్ రివ్యూ (ఉన్న అధ్యయనాలన్నీ పద్ధతిగా కలిపి చూసిన పేపరు) ఉంటే ముందు అది చదవండి. ఆహారం గురించైతే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉండగా యూట్యూబ్ లింకు దేనికి?

ప్రింటుకు ముందు ప్రతి పేపరునూ పబ్‌మెడ్‌లో మళ్లీ తెరవండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 పేపరును లాన్సెట్ జర్నల్ 2010లో ఉపసంహరించుకుంది. ఆ సంగతి పేజీ మీదే కనిపిస్తుంది. రిఫరెన్సులకు వరుసగా నంబర్లిచ్చే వాంకూవర్ పద్ధతిలో ఒక్కటి తీసేసినా కింది నంబర్లన్నీ మారతాయి కాబట్టి చేత్తో దిద్దకుండా, రిఫరెన్సులు సర్దిపెట్టే జొటేరో సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితమే.