యాక్సిడెంట్ క్లెయిమ్ ఎందుకు ఆగింది? మనం చెప్పిన మాటల్లో వెతుకుదాం

కారుకు దెబ్బ తగిలిన రోజున సలహాలకు లోటుండదు. “బావగారు నడిపారని రాయండి”, “పాత సొట్టలు కూడా ఇందులోనే కలిపేయండి” అంటారు. మన మేలు కోరే అంటారు. నేను చూసిన క్లెయిములు ఇరుక్కున్నది మాత్రం సరిగ్గా ఆ మాటల దగ్గరే.

సమస్య: “ఈ డ్యామేజ్ ఈ యాక్సిడెంట్‌ది కాదు” అని, నష్టం లెక్కగట్టడానికి బీమా కంపెనీ పంపిన సర్వేయర్ అంటున్నారు

కారణం దాదాపుగా ఒకటే. పాత దెబ్బను కొత్తదాంట్లో కలిపి ఉంటాం. నేనూ ఆ పని చేశాను. మా కారు ముందు బంపర్ ఒక ఆటోకు తగిలింది. వెనక డోరు మీద అంతకు ఆరు నెలల ముందటి గీత ఒకటి ఉంది. “రెండూ ఒకే క్లెయిమ్‌లో పోతాయి సార్” అని షెడ్డులో అంటే తల ఊపాను. సర్వేయర్ వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, ఆ గీత వెంట గోటితో నెమ్మదిగా గీరారు. ఇటుక రంగు పొడి రాలింది. “మొన్నటి దెబ్బకు ఇంత తుప్పు పట్టదండీ” అన్నారు, అంతే. ఆ తర్వాత నిజంగా విరిగిన బంపర్ గురించి కూడా పది ప్రశ్నలు అడిగారు. నా మాట మీద ఆయనకు నమ్మకం పోయింది మరి.

పరిష్కారం: పొరపాటున కలిపేసి ఉంటే, డబ్బు చేతికి రాకముందే “ఫలానా డోరు ఈ ప్రమాదంలోది కాదు, క్లెయిమ్ నుంచి తీసేయండి” అని మెయిల్ పెట్టండి. నేను ఆ సాయంత్రమే పెట్టాను. బంపర్ డబ్బు వచ్చింది. నియమం ప్రకారం ఏ ప్రమాదానికి ఆ క్లెయిమ్ విడిగా వేయాలి. ప్రతిసారీ మన వాటా కింద 1500 సీసీ వరకు ఉన్న కారుకు కనీసం 1,000 రూపాయలు, అంతకంటే పెద్దదానికి 2,000 కోత పడుతుంది. చిన్న గీతకైతే క్లెయిమ్ వేయకుండా సొంత డబ్బుతో చేయించుకోవడమే మేలు. క్లెయిమ్ వేయని ఏడాదులకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే 20 నుంచి 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ మిగులుతుంది.

సమస్య: డ్రైవర్ వివరాల దగ్గర ఫైల్ ఆగిపోయింది

నడిపింది ఒకరు, ఫారంలో పేరు ఇంకొకరిది. కొడుకు నడిపితే తండ్రి పేరు, డ్రైవర్ నడిపితే ఓనర్ పేరు. టోల్ గేటు కెమెరా, ఆస్పత్రి చీటీ, ఎఫ్ఐఆర్, ఎదుటి బండివాళ్ల వాంగ్మూలం, వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా విషయం బయటపడుతుంది.

బాధ కలిగించేది ఏమిటంటే, చాలాసార్లు ఈ అబద్ధం అవసరమే ఉండదు. మామూలు ప్రైవేటు కారు పాలసీలో ఓనర్ అనుమతితో, చెల్లే లైసెన్సుతో ఎవరు నడిపినా కవర్ ఉంటుంది. ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) ఉన్నవాళ్లు ఎల్ బోర్డు పెట్టి, లైసెన్సున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపినా చెల్లుతుంది. ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో ట్యాక్సీ నడిపారని భయపడేవాళ్లున్నారు. 7,500 కిలోల లోపు బండికి ఆ లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

పరిష్కారం: అసలు నడిపినవారి పేరు, లైసెన్సు కాపీతో వెంటనే రాతపూర్వకంగా సరిదిద్దండి. నిజంగానే లైసెన్సు లేకపోయినా, తాగి నడిపినా సొంత కారు రిపేరు డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. దాన్ని కప్పిపుచ్చబోతే పోయేది రిపేరు డబ్బే కాదు, చీటింగ్ కేసు దాకా వెళ్తుంది. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బలు తగిలి ఉంటే అసలు ఆలోచించకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం ప్రమాదం ఎప్పుడు, ఎక్కడ జరిగింది, ఎవరు గాయపడ్డారు, ఎవరు నడిపారు అన్నవి బీమా కంపెనీకి రాసి ఇవ్వడం డ్రైవర్ బాధ్యత. ఆస్పత్రి మంచం మీద ఉన్న మనిషి పరిహారం ఆ కాగితం మీద ఆధారపడి ఉంటుంది.

సమస్య: “మీరు ఫోన్‌లో ఒకటి చెప్పారు, ఫారంలో ఇంకోటి రాశారు” అంటున్నారు

ఇది మోసం కాకపోవచ్చు, టెన్షన్. ఫోన్‌లో స్పీడ్ ఎంతని అడగ్గానే గుర్తు లేకపోయినా “నలభై” అనేస్తాం. కుక్క అడ్డొచ్చిందో, గుంతలో పడ్డామో అప్పటికి మనకే స్పష్టంగా ఉండదు.

గుర్తు లేనిదాన్ని “గుర్తు లేదు” అనండి. అది కూడా నిజమే, దాన్ని తప్పు పట్టరు. ఒంటికి దెబ్బ తగలకపోతే, అక్కడే నిలబడి నంబరు ప్లేటు కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు తీసుకుని, జరిగింది జరిగినట్టు ఫోన్లోనే రాసి పెట్టుకోండి. తర్వాత ఎవరు అడిగినా అది చూసే చెప్పండి. అలాగని రోడ్డు మీద కంగారులో “తప్పంతా నాదే, ఖర్చు నేనే ఇస్తా” అని ఒప్పేసుకోవద్దు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా అలాంటి మాట ఇవ్వకూడదని పాలసీలోనే ఉంటుంది. చూసింది చెప్పడం వేరు, తప్పెవరిదో తీర్పు చెప్పడం వేరు.

సమస్య: పాత నో క్లెయిమ్ బోనస్ తప్పుగా చూపించారని కోత పెట్టారు

పోయిన ఏడాది క్లెయిమ్ తీసుకుని, ఈ ఏడాది వేరే కంపెనీలో పాలసీ కొంటూ “క్లెయిమ్ లేదు” అని టిక్ పెట్టి ఉంటారు. మీరు కాకపోతే మీ తరఫున ఏజెంటు పెట్టి ఉంటాడు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగితే తెలిసిపోతుంది. ప్రమాదం జరగకముందే పాలసీ తీసి చూసుకోండి. తేడా ఉంటే కంపెనీకి చెప్పి మిగతా ప్రీమియం కట్టి సరిచేయించుకోండి.

సమస్య: అన్నీ నిజమే చెప్పాను, అయినా రిజెక్ట్ చేశారు

ఇలాంటివీ జరుగుతాయి. ఆలస్యంగా చెప్పారన్న ఒక్క సాకుతో కొట్టేస్తే ఊరుకోకండి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే నిజమైన క్లెయిమును తిరస్కరించకూడదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు, బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్ర, తెలంగాణలకు కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఫొటోలు, మెయిళ్లు, ఆ రోజు ఫోన్లో రాసుకున్న నోట్ తేదీల వరుసలో పెట్టుకుని తీసుకెళ్లండి.