సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

మా బావ మూడేళ్ల కిందట అమలాపురంలో ఒక కారు కొన్నాడు. తెల్లగా మెరిసిపోతోంది. కొత్త సీటు కవర్లు, డాష్‌బోర్డు మీద వెంకన్న బొమ్మ, తలుపు తీస్తే అత్తరు వాసన. వెంట తీసుకెళ్లిన మెకానిక్ కూడా బానెట్ ఎత్తి చూసి, చెవి పెట్టి విని, ‘బండి బాగుందండీ’ అన్నాడు. నాలుగు నెలలు తిరక్కుండా పవర్ విండోలు పోయాయి. తర్వాత ఏసీ పోయింది. ఒక రోజు రావులపాలెం బ్రిడ్జి మీద బండే ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ కార్పెట్ ఎత్తితే కింద వేలి మందాన ఎండిన ఒండ్రు. ఆ కారు ఎక్కడో వరదలో మునిగింది. తర్వాత కడిగి, ఎండబెట్టి, ముస్తాబు చేసి అమ్మేశారు. అమ్మినాయన అప్పటికే ఫోన్ ఎత్తడం మానేశాడు.

కారు చూడ్డానికి వెళ్లేవాళ్లలో చాలామంది ముందు బానెట్ ఎత్తుతారు. మన గోదావరి డెల్టాలో మాత్రం ముందు కార్పెట్ ఎత్తండి అంటాను. ఇంజిన్ పోతే బాగు చేయించుకోవచ్చు, దానికి ఎంతవుతుందో ముందే చెప్పే మెకానిక్ దొరుకుతాడు. నీళ్లు తాగిన వైరింగుకి ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు.

వెళ్లేముందు నంబరు అడగండి

ఫోటోలు పంపినప్పుడే బండి నంబరు అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి కనిపిస్తాయి. ఎన్నో ఓనరో కూడా చూడండి. ‘సింగిల్ ఓనర్ సార్’ అన్న బండి అక్కడ మూడో చేతిలో కనబడితే ఇక ప్రయాణం ఎందుకు? చలాన్లు కూడా అప్పుడే చూసుకోండి.

పాత నంబర్లలో ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి అని చూడగానే తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఇవ్వడం మొదలయ్యాక నంబరుని బట్టి ఊరు చెప్పలేం. ఆర్‌సీ మీద అడ్రసు చదవాల్సిందే. బండి ఏ ఊళ్లో ఉండేదో తెలిస్తే, ఆ ఊరికి నీళ్లు ఎప్పుడొచ్చాయో మనవాళ్లకి నోటి లెక్కే.

యానాం మన పక్కనే కాబట్టి పీవై 04 బండ్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. ధర కాస్త తక్కువ చెబితే ఆశపడకండి. మీరు ఆంధ్రాలో ఉంటారు కాబట్టి అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్చుకోవాలి. హైదరాబాద్ నుంచి వచ్చే తెలంగాణ బండ్లకీ ఇంతే. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే మళ్లీ రిజిస్టర్ చేయించాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఆ ఖర్చు ఎంతో ఆర్టీవో ఆఫీసులో కనుక్కున్నాకే బేరం మొదలెట్టండి.

పొద్దున్నే వెళ్లండి, వీలైతే ఆషాఢంలో

పగటి వెలుతురులో, అప్పుడే కడగని బండిని చూడాలి. ‘నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ’ అని ముందు రోజే చెప్పండి. చల్లటి ఇంజిన్ మీద బయటపడే లోపాలు వేడెక్కాక దాక్కుంటాయి.

ఆషాఢంలో మనవాళ్లు బండి కొనరు కదా, అమ్మేవాళ్లు బేరానికి కాస్త దిగొస్తారు. పైగా అప్పటికి వానలు మొదలవుతాయి. తలుపు రబ్బరు కారుతుందో లేదో, ఉక్కపోతలో ఏసీ లాగుతుందో లేదో అడగకుండానే తెలిసిపోతుంది. శ్రావణంలో పూజ చేయించుకోవచ్చు, ముందు బేరం కుదుర్చుకుని ఉంచుకోండి.

నీళ్ల జాడ

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దాటింది. లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ల ముందు నిలబెట్టిన కార్లు నిలబెట్టినచోటే మునిగాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ ఇదే జరిగింది. మునిగిన బండ్లన్నీ తుక్కుకి పోవు. కొన్ని రిపేరై మళ్లీ రోడ్డెక్కుతాయి, ఊరు మారి అమ్ముడుపోతాయి.

సీటు బెల్టుతో మొదలెట్టండి. బయటికి కనిపించే భాగాన్ని ఎవరైనా ఉతుకుతారు. చివరిదాకా లాగితే లోపల చుట్టుకుని ఉన్న భాగం బయటికొస్తుంది. అక్కడ బురద గీత ఉంటే నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చెప్పేస్తుంది. నాలుగు బెల్టులూ లాగండి.

తర్వాత డిక్కీ. స్టెప్నీ తీయించి ఆ గుంటలో వేళ్లు పెట్టి చూడండి. గోదావరి ఒండ్రు మెత్తటి పిండిలా ఉంటుంది, ఎంత కడిగినా మూలల్లో, బోల్టు చుట్టూ మిగిలిపోతుంది. జాకీ, వీల్ స్పానర్ తుప్పు పట్టాయా? అవి ఎవరూ వాడనివి, తుడవనివి.

ముందు సీట్లు వెనక్కీ ముందుకీ జరిపి, కింది పట్టాలు, బోల్టులు ఫోన్ టార్చితో చూడండి. తలుపు గడప దగ్గరి ప్లాస్టిక్ పట్టీ తీస్తే కార్పెట్ అంచు పైకి లేస్తుంది. దాని కింద చెయ్యి పెట్టి తడి, మట్టి, ముక్కిన వాసన ఉన్నాయేమో చూడండి. అమ్మేవాళ్లు ‘ఎందుకండీ అవన్నీ’ అంటే ఇంకాస్త శ్రద్ధగా చూడండి. పదేళ్ల బండిలో కార్పెట్ మాత్రం కొత్తగా ఉంటే అది శుభసూచకం కాదు.

అద్దాలన్నీ వేసి, ఏసీ పెట్టి పది నిమిషాలు లోపల కూర్చుని వాసన చూడండి. అత్తరు డబ్బా ఉంటే ముందు బయట పెట్టించండి. హెడ్‌లైట్ల లోపల నీటి మరకలున్నాయేమో చూడండి. ప్రతి స్విచ్చీ రెండేసిసార్లు నొక్కండి. కిటికీలు, అద్దాలు, వైపర్లు, హారన్, లోపలి లైటు, రివర్స్ కెమెరా, ఏదీ వదలొద్దు. ఇంజిన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో అని అనుమానించాలి.

ఇన్సూరెన్స్ పాలసీ కాగితం అడిగి ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంతుందో చూడండి. 50 శాతం ఉంటే ఐదేళ్లుగా క్లెయిమ్ లేనట్టు. సున్నా ఉంటే ఎందుకో చెప్పమనండి.

ఉప్పు, ఎలకలు, కొబ్బరి మట్టలు

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలిలో ఉన్న బండికి తుప్పు కింది నుంచి మొదలవుతుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు బండ్లు చెరువుగట్ల మీద తిరుగుతాయి. మేత బస్తాలు, తడి వలలు డిక్కీలోనే మోసిన ఫ్యామిలీ కార్లు నేనే చూశాను. గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించి సైలెన్సర్, బ్రేకు పైపులు, చక్రాల పైభాగం చూడండి. కింద కొత్తగా నల్ల పూత వేసి ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో అక్కడక్కడా కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది.

చేల పక్కన నిలబెట్టిన బండికి ఎలకల బెడద ఉంటుంది. బానెట్ కింద కొరికిన వైర్లకి చుట్టిన ఇన్సులేషన్ టేపు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గడ్డి కనిపిస్తాయి. కోనసీమ బండైతే పైకప్పు కూడా చూడండి. కొబ్బరి మట్ట పడితే సొట్ట, కాయ పడితే పెద్ద సొట్ట. మనవాళ్లు నీడ కోసం చెట్టు కిందే పెడతారు మరి.

సొట్టలు పుట్టీ పెట్టి పూడ్చారేమో తెలుసుకోవడానికి ఫ్రిజ్ మీది అయస్కాంతం గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. ఇనుప రేకు మీద అంటుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. ప్లాస్టిక్ బంపర్ మీద ఎలాగూ అంటుకోదు. బానెట్, తలుపుల బోల్టుల మీద పెయింటు చిట్లి ఉంటే వాటిని ఎప్పుడో విప్పారన్నమాట.

ఇంజిన్, టైర్లు

ఆయిల్ మూత తీసి చూడండి. లోపల తెల్లటి మీగడలా ఉంటే నీళ్లు కలిశాయి. స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది. డీజిల్ బండి 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) అయితే, ఇంటికీ చెరువుకీ మధ్య నాలుగు కిలోమీటర్లే తిరిగిన బండి వద్దు. అంత చిన్న ప్రయాణాలకి పొగ గొట్టంలోని ఫిల్టర్ మసి పట్టి మూసుకుపోతుంది. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన పెట్రోల్ బండైతే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ సరిపడుతుందో లేదో మాన్యువల్‌లో చూడండి.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైందని. బండి 2021ది, టైర్లు 2024వి, మీటరు మీద 28 వేల కిలోమీటర్లు అంటే లెక్క కుదరదు. మీటరు తిప్పి ఉండొచ్చు. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ అరుగుదల చూడండి. కంపెనీ సర్వీసు సెంటర్‌లో పాత బిల్లులు తీయించమని ఓనర్‌ని అడగండి. ‘షోరూం ట్రాక్ ఉంది’ అన్నవాళ్లు చూపించడానికి వెనకాడకూడదు.

ఏటిగట్టు ఎక్కించండి

మన నేల చదును. కొండ లేదు, ఘాట్ లేదు. ఊరి రోడ్డు మీద ఏ బండైనా బాగానే లాగుతుంది. నలుగుర్ని ఎక్కించుకుని ఏసీ వేసి, ఏటిగట్టు ఎక్కే ఏటవాలు దగ్గర బండి ఆపి, మళ్లీ ఫస్ట్ గేరులో ఎత్తండి. క్లచ్ అరిగితే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి కదలదు. హ్యాండ్ బ్రేకు పనిచేస్తుందో లేదో కూడా అక్కడే తేలుతుంది. తర్వాత హైవే ఎక్కి ఎనభైలో స్టీరింగ్ వణుకుతోందా, బ్రేకు వేస్తే పక్కకి లాగుతోందా చూడండి. చివరగా గతుకుల చేలదారిలో పాటలు ఆపి నెమ్మదిగా నడపండి. సస్పెన్షన్ బాధ అక్కడే వినిపిస్తుంది.

ధర, కాగితాలు

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ‘నేను కొన్నప్పుడు ఇంతండీ’ అని పాత బిల్లు చూపిస్తే, అదే మోడల్ ఇప్పటి కొత్త ధరతో పోల్చి మాట్లాడండి.

ఫైనాన్స్ తీరిపోయిందంటే నమ్మకండి, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికివ్వాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30. వేరే రాష్ట్రం బండికి ఆర్టీవో ఎన్‌ఓసీ కోసం ఫారం 28. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో ఒక్కో అక్షరం సరిచూడండి. పేరు మార్పిడికి మీకు 30 రోజులే గడువు. అమ్మినవాళ్లూ ఊరుకోకూడదు. బండి ఎవరి పేరున రిజిస్టరై ఉంటే ప్రమాదంలో పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది చెబితే ‘తర్వాత చూద్దాంలే’ అనే అమ్మకందారు కూడా ఆర్టీవో ఆఫీసుకి కదులుతాడు.

ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టండి. పాత ఓనర్ ఎన్‌సీబీ మీకు రాదు, ఆ తేడా కట్టాలి. ఆయన ఫాస్టాగ్ మూసేయమని చెప్పి, మీది కొత్తది తీసుకోండి.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. డెలివరీ నోటులో తేదీతో పాటు టైము కూడా రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆ ఉదయం ఆయన చేసిన యాక్సిడెంట్ సాయంత్రం మీ మెడకి చుట్టుకోకూడదు కదా. బయల్దేరే ముందు రెండో తాళం అడిగి తీసుకోండి. ‘ఇంట్లో ఉంది, తర్వాత ఇస్తాను’ అంటే ఆ ఇంటిదాకా వెళ్లి తెచ్చుకోండి.