బిగుసుకుపోయిన పైపు స్టెమ్ ఊడింది: నా అనుభవం

పాత సామాన్ల మధ్య దొరికిన బ్రయర్ పైపు, అంటే బ్రయర్ కర్రతో చేసిన పొగ తాగే పైపు. చూడ్డానికి బాగానే ఉంది గానీ స్టెమ్ (నోట్లో పెట్టుకునే గొట్టం) ఊడి రాదు. ఏళ్ల తరబడి పేరుకున్న తారు బంకలా పట్టేసింది. గుడ్డ చుట్టి తిప్పాను, సందులో ఆల్కహాల్ చుక్కలు వేశాను, రాత్రంతా నిలబెట్టి ఉంచాను, ఏదీ లాభం లేదు. పట్టకారు జోలికి మాత్రం పోలేదు, షాంక్ (స్టెమ్ దూరే కర్ర మెడ) పగిలితే పైపు పోయినట్టే.

చివరికి పనిచేసింది ఫ్రీజర్. బూడిద దులిపి, పైపుని జిప్ కవర్లో పెట్టి 45 నిమిషాలు ఉంచాను. తీసిన వెంటనే షాంక్‌ని ఎడమ పిడికిట్లో బిగించి, స్టెమ్‌ని షాంక్‌కి ఆనుకున్న చోటే పట్టుకుని, ఒకే దిక్కుగా నెమ్మదిగా తిప్పాను. రాలేదు. మళ్లీ 20 నిమిషాలు పెట్టి తీశాను. ఈసారి ‘టిక్’మంది. కర్రే చీలిందేమోనని గుండె ఆగినంత పనైంది! చూస్తే స్టెమ్ వెంట్రుకవాసి కదిలింది. ఇక తిప్పుతూనే లాగాను, వంచకుండా. టెనాన్ (షాంక్‌లోకి దూరే స్టెమ్ కొస) నిండా నల్లటి జిడ్డు. ఆల్కహాల్‌లో ముంచిన పైప్ క్లీనర్లు ఏడెనిమిది పట్టాయి.

నాది వల్కనైట్ (గట్టి రబ్బరు) స్టెమ్. చలికి అది బ్రయర్ కంటే ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి వదిలిందనుకుంటా. ఆక్రిలిక్ మీద చేసి చూడలేదు. మీర్షామ్ (మెత్తటి తెల్ల ఖనిజం) పైపైనా, షాంక్‌లో పగులున్నా నేనైతే ఈ సాహసం చెయ్యను.